మూడేళ్ల వజీరె ఆజం: ముహమ్మద్ ఖాన్ జునేజో

1988 మే 29, సాయంత్రం. రంజాన్ ఈద్ అయిపోయి ఇంకా రెండు వారాలు కాలేదు. తూర్పు ఆసియా దేశాల పర్యటన ముగించుకుని పాకిస్తాన్ ప్రధానమంత్రి ముహమ్మద్ ఖాన్ జునేజో విమానం దిగారు. ఎయిర్‌పోర్టులోనే విలేకరులతో మాట్లాడారు. వెళ్లిన దేశాల గురించి, జరిగిన చర్చల గురించి మామూలుగా చెప్పాల్సినవి చెప్పి ఇంటికి బయలుదేరారు. అదే సాయంత్రం ప్రెసిడెంట్ జనరల్ జియా ఉల్ హక్ కూడా విలేకరులను పిలిపించారు. అక్కడ చదివిన ప్రకటన చిన్నదే. జాతీయ అసెంబ్లీ రద్దయింది, ప్రధాని, ఆయన మంత్రివర్గం పదవి నుంచి తొలగిపోయాయి.

జునేజోకి ముందుగా ఎవరూ చెప్పలేదు. దేశానికి తెలిసిన వేళకే ఆయనకీ తెలిసింది. విమానం ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ ఆయన ప్రధానమంత్రే. రాత్రి భోజనం వేళకి కాదు.

ఆయన పేరు ఇప్పటి కుర్రాళ్లకు పెద్దగా తెలియదు. పాకిస్తాన్ అనగానే భుట్టో, జియా, బేనజీర్, నవాజ్ షరీఫ్ గుర్తొస్తారు. జునేజో వాళ్ల మధ్యలో పడి కనబడకుండా పోయారు. కానీ ప్రెసిడెంట్ చేతిలో అసలు తాళాలన్నీ ఉన్నప్పుడు ప్రధానమంత్రి అనే మనిషి ఎంత దూరం నడవగలడు, ఎక్కడ ఆగిపోతాడు అన్నది తెలియాలంటే ఈయన మూడేళ్ల రెండు నెలల హుకూమత్ చూస్తే చాలు.

జునేజో 1932 ఆగస్టు 18న సింధ్‌లోని సింధ్రీలో పుట్టారు. భూములున్న కుటుంబం. మామిడి తోటలు ప్రసిద్ధి. పాకిస్తాన్‌లో ఈ రోజుకీ బజారులో ముందుగా అడిగే సింధ్రీ మామిడి పేరు ఈ ఊరి నుంచి వచ్చిందే. మద్రాసు వైపు నుంచి తెచ్చిన మొక్కలతో ఆ రకం మొదలైందని, జునేజో తండ్రి దీన్ ముహమ్మద్ తోటలో అది బాగా పట్టుకుందని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. నిజమైతే మన బంగినపల్లికి అదేదో దూరపు చుట్టం అయి ఉండాలి.

కరాచీలో స్కూలు చదువు, ఇంగ్లాండులో వ్యవసాయ విద్య, తర్వాత ఊళ్లో సేద్యం. సింధ్‌లో హుర్ల పెద్ద, పీర్ పగారాకు ఆయన మురీద్. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి, తర్వాత కథంతా ఇక్కడి నుంచే నడుస్తుంది. 1962లో పశ్చిమ పాకిస్తాన్ ప్రొవిన్షియల్ అసెంబ్లీకి ఎన్నికయ్యారు. అయూబ్ ఖాన్ రోజుల్లో ప్రొవిన్షియల్ మంత్రిగా పని చేశారు. 1978లో జియా మంత్రివర్గంలో కొన్ని నెలలు రైల్వే శాఖ చూశారు. ఎక్కడా గొడవ లేదు, కుంభకోణం లేదు, గట్టి ఉపన్యాసం కూడా లేదు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడే మనిషి, షేర్వానీ టోపీతో కుదురుగా ఉండే మనిషి. రాజకీయాల్లో ఇలాంటి వాళ్లను చూసి చాలామంది ఒక పొరపాటు పడతారు. మెత్తగా ఉన్నాడంటే మన మాట వింటాడులే అనుకుంటారు. జనరల్ జియా కూడా అదే అనుకున్నారు.

1977 జూలై 5న జియా మార్షల్ లా పెట్టి జుల్ఫికర్ అలీ భుట్టోను దించేశారు. తొంభై రోజుల్లో ఎన్నికలు అన్నారు, ఎనిమిదేళ్లు గడిచాయి. 1979 ఏప్రిల్ 4న భుట్టోకు ఉరి పడింది. 1983లో సింధ్ అంతా ప్రజాస్వామ్యం కోసం భగ్గుమంది. ఇక ఏదో ఒక ముఖం చూపించక తప్పని పరిస్థితి. 1984 డిసెంబర్ 19న జియా రెఫరెండం పెట్టారు. ప్రశ్న ఎలా కుదిర్చారంటే, దేశంలో ఇస్లామీకరణ ప్రక్రియను మీరు బలపరుస్తారా అన్నట్టు అడిగారు, ఔనంటే జియా ఐదేళ్లు ప్రెసిడెంటుగా ఉన్నట్టే లెక్క. నమాజు చేసే మనిషి ఆ కాగితం మీద కాదని ఎలా రాస్తాడు? 97 శాతానికి పైగా ఔనన్నారని ప్రభుత్వం ప్రకటించింది. దీన్ పేరుతో కుర్సీకి పొడిగింపు అడగడం అంటే ఇదే.

1985 ఫిబ్రవరి 25న జాతీయ అసెంబ్లీ ఎన్నికలు. పార్టీలు పోటీ చేయకూడదు, ఎవరికి వాళ్లు విడిగా నిలబడాలి. పెద్ద పార్టీలు బహిష్కరించాయి. అయినా జనం ఓట్లు వేశారు. గెలిచిన వాళ్లు ఇంకా సభలో కాలు పెట్టకముందే, మార్చి 2న జియా ఒక ఉత్తర్వు తెచ్చి 1973 రాజ్యాంగాన్ని పునరుద్ధరిస్తున్నామన్నారు. పునరుద్ధరణ అన్నది పేరుకే, ఇంటికి సున్నం వేస్తామని చెప్పి లోపలి గోడలు మార్చేసినట్టయింది.

1973 రాజ్యాంగం భుట్టో కాలంలో వచ్చింది. దాంట్లో ప్రధానమంత్రే సర్వం. ప్రెసిడెంట్ ఏ ఉత్తర్వు ఇచ్చినా ప్రధాని కూడా పక్కన సంతకం పెడితేనే చెల్లుతుంది. అప్పటి ప్రెసిడెంట్ ఫజల్ ఇలాహీ చౌధురీ మీద జనం జోకులు వేసుకునేవారు, ఆయనను ఎవరైనా విడిపించండి అని. జియా దాన్ని పూర్తిగా తిరగేశారు. కొత్త ఏర్పాటులో ప్రధానిని ఎవరిని పెట్టాలో 1990 వరకు ప్రెసిడెంట్ ఇష్టం. సైన్యాధిపతుల నియామకం ప్రెసిడెంట్ ఇష్టం. ప్రొవిన్సుల గవర్నర్లు ప్రెసిడెంట్ ఇష్టం. అసెంబ్లీని రద్దు చేయడం కూడా ఆయన ఇష్టమే. దీనికి తోడు జియా ప్రెసిడెంట్ మాత్రమే కాదు, సైన్యాధిపతి పదవి కూడా వదల్లేదు. అంటే ప్రధానికి పై అధికారీ ఆయనే, తుపాకీ ఉన్న అధికారీ ఆయనే.

అలాంటి ప్రధాని కుర్సీకి మనిషిని వెతికారు. సింధ్ మనిషి అయితే మంచిది, ఎందుకంటే ఉరి పడిన భుట్టో సింధ్ వాడు, ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. పీర్ పగారా తన మురీద్ పేరు చెప్పారు. జునేజో 1985 మార్చి 24న ప్రమాణం చేశారు. సభ ఆయనకు ఏకగ్రీవంగా విశ్వాసం తెలిపింది.

జియాను కలిసిన మొదట్లోనే జునేజో అడిగిన ప్రశ్న మార్షల్ లా ఎప్పుడు ఎత్తేస్తారు అని చెబుతారు. సభలోనూ మార్షల్ లా, ప్రజాస్వామ్యం ఒక చోట ఇమడవు అనే అర్థంలో బహిరంగంగానే మాట్లాడారు. కుర్సీ ఇచ్చిన మనిషిని కుర్సీలో కూర్చున్న రోజుల్లోనే ఈ మాట అడగడం చిన్న సంగతి కాదు. అంతకు ముందే సభ కూడా ఒక ఝలక్ ఇచ్చింది. స్పీకర్ పదవికి జియా మనసులో ఉన్నది ఖ్వాజా సఫ్దర్. సభ్యులు మాత్రం ఫఖర్ ఇమాంను గెలిపించారు.

అయితే మార్షల్ లా ఊరికే పోలేదు, దానికి ధర కట్టారు. ఆ ధర పేరు ఎనిమిదో సవరణ.

బేరం ఎలా సాగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. మార్చి 2 ఉత్తర్వులో ఉన్న అధికారాలన్నీ సభ ఆమోదిస్తే తప్ప మార్షల్ లా ఎత్తేది లేదని జియా వైపు పట్టు. 1977 నుంచి మార్షల్ లా కింద జరిగిన పనులన్నిటికీ, కోర్టులు ప్రశ్నించకుండా, రక్షణ కావాలి. సభ వైపు నుంచి కొన్ని తగ్గించమని గీసి గీసి అడిగారు. సైన్యాధిపతులు కూర్చునే జాతీయ భద్రతా మండలి ఒకటి పెట్టాలని జియా అనుకున్నారు, దాన్ని సభ తీసేయించింది. అసెంబ్లీని ఊరికే రద్దు చేయడానికి వీల్లేదు, రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం నడవలేని స్థితి వచ్చిందని, ప్రజల తీర్పు కోరక తప్పదని ప్రెసిడెంట్ భావించాలి అని ఒక షరతు పెట్టించారు. అదే ఆర్టికల్ 58(2)(బి). షరతు ఉంది సరే, అది నెరవేరిందో లేదో తేల్చేది ఎవరు? ప్రెసిడెంటే. బ్యాంకు లోను కాగితాల్లో చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక లైను ఉంటుంది చూశారా, బ్యాంకు ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తం తిరిగి అడగొచ్చని. వాయిదాలు సక్రమంగా కడుతున్నంత కాలం ఆ లైను ఎవరికీ గుర్తు రాదు.

1985 అక్టోబర్, నవంబర్‌లలో సవరణ పాసయింది. తనను తీసేసే అధికారానికి జునేజో తన సభ చేతే ముద్ర వేయించారు. ఇది ఆయన తప్పా? తప్పే అనేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ రోజున ఆయన ముందున్న రెండో దారి ఏమిటి? సవరణ వద్దంటే మార్షల్ లా ఉంటుంది, సభ పోతుంది. మిలిటరీ కోర్టులు, పేపర్ల మీద సెన్సార్, జైళ్లలో రాజకీయ ఖైదీలు, ఇవన్నీ ఉంటాయి. ఆయన ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నారు. 1985 డిసెంబర్ 30న మార్షల్ లా ఎత్తేశారు. ఎనిమిదిన్నరేళ్ల తర్వాత జనం ఊపిరి పీల్చుకున్నారు. 58(2)(బి) గురించి ఆ రోజు వీధిలో ఎవరూ మాట్లాడి ఉండరు.

ఆ తర్వాత రెండేళ్లు జునేజో తనకిచ్చిన చిన్న గదిలోనే పెద్ద సంసారం చేశారు. పేపర్లకు స్వేచ్ఛ పెరిగింది. 1986 ఏప్రిల్ 10న బేనజీర్ భుట్టో విదేశం నుంచి లాహోర్‌లో దిగితే లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు. ఆమెను ఆపలేదు, ఊరేగింపును ఆపలేదు. తండ్రిని ఉరి తీసిన మనిషి ప్రెసిడెంట్ భవనంలో ఉండగా, ఆ కూతురు అదే దేశంలో సభలు పెట్టి ఆయన దిగిపోవాలని అడిగింది. ఇది జునేజో హయాంలోనే సాధ్యమైంది. అయితే అదే ఏడాది ఆగస్టు 14 వచ్చేసరికి ఆయన ప్రభుత్వమే ఆమెను అరెస్టు చేసింది. అదీ చెప్పుకోవాలి.

ఇంకోటి కూడా. జునేజో 1986 జనవరిలో ముస్లిం లీగ్‌ను నిలబెట్టి తానే అధ్యక్షుడయ్యారు. పార్టీ లేని ఎన్నికల్లో గెలిచిన ప్రధాని పార్టీ పెట్టుకోవడం చట్టప్రకారం సరేనా అన్న వివాదాన్ని స్పీకర్ ఫఖర్ ఇమాం ఎన్నికల కమిషన్‌కు పంపారు. దాంతో మే నెలలో అవిశ్వాసం పెట్టి ఆ స్పీకర్‌ను దించేశారు. పెద్ద కుర్సీ ముందు నిబంధనలు గుర్తు చేసిన మనిషి, చిన్న కుర్సీ నిబంధన అడిగినప్పుడు సహించలేకపోయారు. మంచి మనిషి జీవితంలోనూ ఇలాంటి పేజీ ఒకటి ఉంటుంది, చింపేస్తే కథ అబద్ధమవుతుంది.

ఇంటి లెక్కల విషయంలో మాత్రం ఆయనకు మంచి పేరే ఉంది. 1985 చివర్లో ఐదు సూత్రాల కార్యక్రమం ప్రకటించారు. పల్లెలకు రోడ్లు, కరెంటు, చదువు, ఇల్లు లేని వాళ్లకు ఏడు మర్లాల ఇంటి స్థలం, పట్టణాల్లో కచ్చీ ఆబాదీల వాళ్లకు హక్కు పత్రాలు. బడికి వెళ్లని పిల్లల కోసం నయీ రోష్నీ స్కూళ్లు తెరిచారు. దిగుమతుల మీద ఇక్రా సర్‌చార్జి అని ఒక పన్ను వచ్చింది, చదువుల కోసం. పేరు బాగానే పెట్టారు, మొదటి వహీలో మొదటి మాట. వచ్చిన సొమ్మంతా బడికే చేరిందా అన్నది వేరే లెక్క.

1987 జూన్ బడ్జెట్ కథ ఇంకా బాగుంటుంది. ఆర్థిక మంత్రి యాసీన్ వట్టూ కొత్త పన్నులతో బడ్జెట్ పెట్టారు. బజార్లు గోల పెట్టాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గి బడ్జెట్ మార్చుకుంది. ఎనిమిదేళ్లు ఉత్తర్వులే తప్ప జవాబు లేని దేశంలో, వ్యాపారి అరిస్తే ప్రభుత్వం వినడం అప్పటికి కొత్త వింత. ఖర్చు తగ్గించాలి కదా మరి, జునేజో ఒక మాట అన్నారు. పెద్ద అధికారులు, జనరళ్లు పెద్ద పెద్ద విదేశీ కార్లు మాని, దేశంలో తయారయ్యే చిన్న సుజుకీల్లో తిరగాలి అని. సామాన్య జనానికి భలే నచ్చింది. జనరళ్లకు ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పాలా! లక్షల్లో మిగిలే పెట్రోలు ఖర్చు కన్నా, ఆ మాటలో ఉన్న లెక్క పెద్దది. సైన్యం కూడా బడ్జెట్‌లో ఒక పద్దే, దాన్నీ అడగొచ్చు అని ఒక సివిలియన్ పైకి అన్నాడు.

ఇక్కడి నుంచే గోడ దగ్గర పడింది. పదోన్నతుల ఫైళ్లు ప్రధాని ఆఫీసులో ఆగుతున్నాయని, ఎవరు జనరల్ అవ్వాలో కూడా జునేజో తన అభిప్రాయం చెబుతున్నారని గుసగుసలు మొదలయ్యాయి. 1987 మార్చిలో సైన్యంలో రెండో స్థానానికి మీర్జా అస్లం బేగ్ వచ్చారు. జియా మనసులో వేరే పేరు ఉండిందని, జునేజో బేగ్ వైపు మొగ్గారని చెబుతారు.

విదేశాంగం మరో గోడ. పేరుకి ప్రధాని అంతటా తిరిగారు. 1986 జూలైలో వాషింగ్టన్ వెళ్లి రీగన్‌ను కలిశారు. అదే ఏడాది నవంబర్‌లో సార్క్ సమావేశానికి మన పక్కన బెంగళూరుకూ వచ్చారు, రాజీవ్ గాంధీతో మాట్లాడారు. కానీ ఆ చలికాలంలో సరిహద్దులో ఇరు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి ఉద్రిక్తత పెరిగినప్పుడు, 1987 ఫిబ్రవరిలో క్రికెట్ చూసే పేరుతో జైపూర్ వచ్చి కూర్చుంది జియానే. పొరుగు దేశానికి కూడా తెలుసు, అసలు మాట ఎవరితో మాట్లాడాలో.

అఫ్గానిస్తాన్ సంగతి మరీ సున్నితం. రష్యా సైన్యాల మీద పోరాటానికి ఆయుధాలు, డబ్బు పాకిస్తాన్ గుండా వెళ్తున్నాయి, ఆ పనంతా సైన్యం, ఐఎస్ఐ చేతిలో ఉంది. లెక్క ప్రధానికి చెప్పే అలవాటు లేదు. 1987 చివరికి విదేశాంగ మంత్రి సాహబ్‌జాదా యాకూబ్ ఖాన్ వెళ్లిపోయారు, ఆయన జియాకు దగ్గరి మనిషి. జునేజో కొత్తగా పూర్తి మంత్రిని పెట్టకుండా సహాయ మంత్రి జైన్ నూరానీతో నడిపించారు. జెనీవా ఒప్పందం మీద సంతకం పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. కాబూల్‌లో ముందు కొత్త ప్రభుత్వం ఏర్పడాలి, తర్వాతే సంతకం అన్నది జియా ఆలోచన. రష్యా వెళ్తానంటోంది, ముందు వెళ్లనిద్దాం అన్నది జునేజో ఆలోచన.

అప్పుడు ఆయన చేసిన పని ఆ మూడేళ్లలో అన్నిటికన్నా తెలివైనది. 1988 మార్చి మొదట్లో అన్ని పార్టీల నాయకులను ఒక బల్ల చుట్టూ పిలిచారు. బేనజీర్ కూడా వచ్చారు. ఎన్నికల్లో పాల్గొనని పార్టీలను కూడా ప్రధాని ఇంటికి పిలిచి, దేశ విషయంలో మీ సలహా ఏమిటి అని అడగడం. ఎక్కువ మంది సంతకం పెట్టమన్నారు. ప్రధానికి రాజ్యాంగంలో లేని బలం ఆ బల్ల దగ్గర దొరికింది. ఏప్రిల్ 14న జెనీవాలో జైన్ నూరానీ సంతకం చేశారు.

ఆ సంతకానికి నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 10 ఉదయం, రావల్పిండిలోని ఓజ్రీ క్యాంపులో ఆయుధాల గోదాం పేలిపోయింది. అఫ్గాన్ యుద్ధం కోసం దాచిన రాకెట్లు, మిసైళ్లు జంట నగరాలు రావల్పిండి, ఇస్లామాబాద్ మీద వానలా పడ్డాయి. ఇళ్లు, బస్సులు, రోడ్డు మీది మనుషులు. అధికారిక లెక్క ప్రకారమే సుమారు వంద మంది చనిపోయారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. కారులో వెళ్తున్న నేత ఖాకాన్ అబ్బాసీ కూడా ఆ రాకెట్లకే బలయ్యారు. యుద్ధం జరుగుతున్న ఊళ్లో కాదు, రాజధాని వీధుల్లో ఇదంతా జరిగింది.

జనం మధ్యలో అంత పేలుడు సామాను ఎవరు పెట్టించారు? ఈ ప్రశ్న అడగడం ప్రధాని పని, ఆయన అడిగారు. ముందు సైన్యం తరఫున ఒక విచారణ, దాని మీద మంత్రుల కమిటీ. నివేదిక బయట పెడతానని జునేజో మాట ఇచ్చారు. బాధ్యుల జాబితాలో పెద్ద జనరళ్ల పేర్లు ఉండొచ్చని రంజాన్ నెలంతా ఇఫ్తార్ దగ్గర కూడా ఇదే మాట నడిచింది. నివేదిక బయటకు రాలేదు. ఈద్ వచ్చింది, వెళ్లింది. జునేజో విదేశీ పర్యటనకు వెళ్లారు. తిరిగొచ్చిన సాయంత్రం ఏం జరిగిందో మొదట్లోనే చెప్పుకున్నాం.

జియా చెప్పిన కారణాలు మూడు రకాలు. ఇస్లామీకరణ ముందుకు సాగలేదు, శాంతిభద్రతలు చెడిపోయాయి, అవినీతి పెరిగింది. ఓజ్రీ ఊసు లేదు. జూన్ 15న షరియత్ ఆర్డినెన్స్ ఒకటి తెచ్చారు. మూడేళ్లలో ప్రధాని ఇస్లాం కోసం చేయలేదన్నది మూడు వారాల్లో కాగితం మీద అయిపోయిందన్న మాట. ఇంకా విచిత్రం ఏమిటంటే జూన్‌లో కొత్త మంత్రివర్గం వచ్చింది కానీ దానికి ప్రధానమంత్రి లేరు. ఆ కుర్సీ ఖాళీగా పెట్టి కూడా ప్రభుత్వం నడుస్తుందని చూపించారు. ప్రెసిడెంట్ దృష్టిలో ప్రధాని స్థానం ఎంతో దీనికన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

జనం రోడ్డు మీదికి వచ్చారా? రాలేదు. ఇక్కడ మన హైదరాబాద్ గుర్తొస్తుంది. దానికి నాలుగేళ్ల ముందు, 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఒక్క ఉత్తర్వుతో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తీసేశారు. అప్పుడూ పై నుంచి వచ్చిన సంతకమే. కానీ ఊరూరా జనం లేచారు, ప్రతిపక్షాలన్నీ ఒక్కటయ్యాయి, గవర్నర్ పోయారు, నెల తిరిగేసరికి రామారావు మళ్లీ ముఖ్యమంత్రి. రామారావుకు పార్టీ ఉంది, ఆయన ముఖం చూసి ఓటు వేసిన జనం ఉన్నారు. జునేజోకు ఆ రెండూ లేవు. ఆయన పార్టీ కుర్సీ వచ్చాక పుట్టిన పార్టీ, కుర్సీ పోగానే చీలిపోయింది. పంజాబ్ ముఖ్యమంత్రి నవాజ్ షరీఫ్‌ను జియా తాత్కాలిక ముఖ్యమంత్రిగా అదే కుర్సీలో కొనసాగించారు, లీగ్‌లో ఒక వర్గం అటు వెళ్లింది. రోడ్డు మీదికి జనాన్ని తేగలిగిన బేనజీర్ పార్టీకి ఆ సభ అంటేనే గిట్టదు, కొత్త ఎన్నికలు వస్తే వాళ్లకే లాభం.

మన రాజ్యాంగంలోనూ ప్రెసిడెంట్ పేరుమీదే అన్నీ నడుస్తాయి. 1987లో జ్ఞానీ జైల్ సింగ్, రాజీవ్ గాంధీకి పడక, ప్రెసిడెంట్ ప్రధానిని తీసేస్తారేమో అని ఢిల్లీలో పుకార్లు వచ్చాయి. పోస్టల్ బిల్లును ఆయన సంతకం పెట్టకుండా ఆపేశారు కూడా. అంతకు మించి జరగలేదు. మంత్రివర్గం సలహా ప్రకారం నడవాలని మన రాజ్యాంగం ప్రెసిడెంట్‌కు స్పష్టంగా చెబుతుంది, పైగా సైన్యం ఆయన జేబులో లేదు. ఒక్క ఏడాది తేడా, పక్కపక్క దేశాలు.

మే 29 తర్వాత మూడు నెలలు కూడా గడవలేదు. 1988 ఆగస్టు 17న బహావల్‌పూర్ దగ్గర విమానం కూలి జియా చనిపోయారు. ఆయనతో పాటు జనరల్ అఖ్తర్ అబ్దుర్ రహ్మాన్, అమెరికా రాయబారి ఆర్నాల్డ్ రాఫెల్, ఇంకా చాలామంది అధికారులు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఓజ్రీలో ఉన్న ఆయుధాల సంగతి ఎక్కువగా తెలిసిన వాళ్లలో అఖ్తర్ ఒకరు, ఐఎస్ఐని చాలా ఏళ్లు నడిపింది ఆయనే. సెనేట్ చైర్మన్ గులామ్ ఇస్‌హాక్ ఖాన్ తాత్కాలిక ప్రెసిడెంట్ అయ్యారు.

ఇప్పుడు కోర్టు వంతు. అసెంబ్లీ రద్దు చెల్లదని వేసిన కేసులో లాహోర్ హైకోర్టు సెప్టెంబర్‌లో తీర్పు ఇచ్చింది, రద్దు చట్టవిరుద్ధమని. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ప్రెసిడెంట్ చెప్పిన కారణాలు షరతుకు సరిపోవని తేలిపోయింది. మరి జునేజో తిరిగి ప్రధాని అవ్వాలి కదా? కాలేదు. నవంబర్‌లో ఎన్నికలు పెట్టుకున్నాం, దేశం అటు వెళ్తోంది, సభను తిరిగి నిలబెట్టం అంది కోర్టు. నీ ఇల్లు దొంగతనంగా లాక్కున్నారు, అది నిజం, కానీ ఇల్లు మాత్రం ఇవ్వం అన్నట్టు. ఆ సభను పునరుద్ధరించవద్దని కోర్టుకు తాను కబురు పంపానని తర్వాతి సైన్యాధిపతి అస్లం బేగ్ 1993లో చెప్పి కోర్టు ధిక్కారం కేసులో ఇరుక్కున్నారు. జునేజో మొగ్గు చూపి రెండో స్థానానికి రప్పించారని చెప్పుకునే జనరల్ ఆయనే.

1988 నవంబర్ 16 ఎన్నికల్లో బేనజీర్ గెలిచి ప్రధాని అయ్యారు. జునేజో తన సొంత ప్రాంతంలో ఓడిపోయారు. దేశంలో మార్షల్ లా పోగొట్టిన మనిషికి ఇంటి దగ్గర ఓట్లు పడలేదు, సింధ్‌లో ఆ ఏడాది భుట్టో పేరు తప్ప మరో పేరు వినబడలేదు. ఆయన ఓటమి ఒప్పుకున్నారు. లీగ్ అధ్యక్షుడిగా కొనసాగారు. ఆత్మకథ పేరుతో ఎవరి మీదా బురద జల్లలేదు. పదవిలో ఉండగా సంపాదించుకున్నారన్న ఆరోపణ ఒక్కటి కూడా ఆయనకు అంటలేదు. అవినీతి అని దించిన ప్రభుత్వపు ప్రధాని గురించి ఇది చెప్పుకోవాల్సిన మాటే.

58(2)(బి) మాత్రం ఆయన తర్వాత కూడా పని చేస్తూనే ఉంది. 1990 ఆగస్టులో గులామ్ ఇస్‌హాక్ ఖాన్ బేనజీర్‌ను అదే ఆర్టికల్ కింద దించారు. 1993 ఏప్రిల్ 18న నవాజ్ షరీఫ్‌ను. ఈసారి సుప్రీంకోర్టు మే 26న రద్దు చెల్లదంటూ సభను నిజంగానే తిరిగి నిలబెట్టింది. జునేజోకు ఇవ్వనిది నవాజ్‌కు ఇచ్చింది. 1996 నవంబర్‌లో ఫారూఖ్ లెఘారీ బేనజీర్‌ను, ఆమె తన పార్టీ మనిషినే ప్రెసిడెంట్ చేసినా సరే. 1997లో ఆర్టికల్ తీసేశారు, ముషర్రఫ్ కాలంలో మళ్లీ వచ్చింది, 2010లో పద్దెనిమిదో సవరణతో మళ్లీ పోయింది.

1993లో నవాజ్ షరీఫ్ సభను తిరిగి నిలబెట్టిన తీర్పు వినడానికి జునేజో లేరు. రక్త క్యాన్సర్‌తో చికిత్స కోసం అమెరికా వెళ్లి, ఆ మార్చి నెలలోనే అక్కడ కన్ను మూశారు. వయసు అరవై. ఆయన వదిలి వెళ్లిన లీగ్ అధ్యక్ష పదవి నాకంటే నాకని నవాజ్ షరీఫ్, హామిద్ నాసిర్ చఠ్ఠా విడిపోయారు, ఒక వర్గం పేరు చివర జునేజో పేరు చేర్చుకుంది. ఓజ్రీ క్యాంపు నివేదికను ఆయన హయాంలో బయట పెట్టలేదు, తర్వాత వచ్చిన ప్రధానులూ బయట పెట్టలేదు.